రికార్డో కార్వాల్యో ఆట చూసి డిఫెన్స్ అర్థం చేసుకుందాం

అందరికీ నమస్కారం. వీడియో మొదలుపెట్టే ముందు మీరు ఓ చిన్న పని చేయాలి. రెండు ఐదు రూపాయల బిళ్ళలు, రెండు రూపాయి బిళ్ళలు, ఒక శనగ గింజ తెచ్చి బల్ల మీద పెట్టుకోండి. తెచ్చుకునేదాకా వీడియో ఆపండి, పర్లేదు.

తెచ్చుకున్నారా? సరే.

ఫుట్‌బాల్ చూసేటప్పుడు మన కళ్ళు బంతి వెంటే పరుగెడతాయి. గోల్ కొట్టినవాడి పేరు పదేళ్ళైనా గుర్తుంటుంది. గోల్ పడకుండా ఆపినవాడిని రీప్లేలో కూడా చూపించరు. మంచి డిఫెండర్ ఉన్నచోట ప్రమాదం పుట్టకముందే ఆగిపోతుంది, ఇక రీప్లేలో చూపించడానికి ఏం మిగులుతుంది? నాకు ఆ కనిపించని పని అంటేనే ఇష్టం. దాన్ని చూడటం నేర్పడానికి పోర్చుగల్ సెంటర్ బ్యాక్ (గోల్‌కి ముందు మధ్యలో ఆడే డిఫెండర్) రికార్డో కార్వాల్యోని మించినవాడు నాకు దొరకలేదు.

1978లో అమరాంతె అనే ఊళ్ళో పుట్టాడు. పోర్టో క్లబ్‌లో పెరిగాడు, కానీ మొదట్లో అక్కడ చోటు దొరకలేదు. లెసా, సెటూబల్, అల్వెర్కా అంటూ వేరే క్లబ్‌లకి అద్దె ఆటగాడిగా తిరిగాడు. తర్వాత జోసె మౌరీనియో కోచ్‌గా వచ్చాక పోర్టో 2003లో యూఎఫా కప్, 2004లో మొనాకోని 3-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌కి యూరప్ క్లబ్ పోటీల్లో ఉత్తమ డిఫెండర్‌గా యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఎఫా కార్వాల్యోనే ఎంచుకుంది. అదే వేసవిలో మౌరీనియోతో పాటు ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి వెళ్ళాడు.

ఇప్పుడు బిళ్ళల దగ్గరికి వద్దాం. మీ వైపున్న బల్ల అంచు గోల్ అనుకోండి. గోల్‌కి కాస్త ముందు ఐదు రూపాయల బిళ్ళలు రెండూ జానెడు దూరంలో పక్కపక్కన పెట్టండి. ఎడమది చెల్సీలో అతని జోడీ సెంటర్ బ్యాక్ జాన్ టెర్రీ, కుడిది కార్వాల్యో. ఒక్కొక్కరి ముందు ఒక రూపాయి బిళ్ళ పెట్టండి. వాళ్ళు అవతలి జట్టు స్ట్రైకర్లు, అంటే గోల్ కొట్టడానికి ముందు ఆడేవాళ్ళు. శనగ గింజే బంతి, అది బల్ల అవతలి చివర ఉండాలి.

బంతి గాల్లో లేచి టెర్రీ ముందున్న స్ట్రైకర్ వైపు వస్తోంది. టెర్రీ తలతో కొట్టడానికి ముందుకు వెళ్తాడు. ఎడమ బిళ్ళని రెండు వేళ్ళంత ముందుకు జరపండి. అలాగే ఉంచి, ఇప్పుడు టెర్రీ వెనక చూడండి. ఎంత ఖాళీ వచ్చిందో చూశారా? రెండో స్ట్రైకర్ కన్ను ఆ ఖాళీ మీదే ఉంటుంది. టెర్రీకి బంతి అందకపోతే, లేదా తలకి తగిలి వెనక్కి జారితే, అతను నేరుగా గోల్ మీదకి పోతాడు.

కార్వాల్యో బిళ్ళని ఏటవాలుగా, వెనక్కి, ఎడమవైపు జరపండి. టెర్రీ వెనక ఖాళీకి దగ్గరగా, కానీ తన స్ట్రైకర్ మరీ దూరం కాకుండా. దీన్నే కవర్ అంటారు. ఇందులో కిటుకంతా ఎప్పుడు జరిగాడన్న దాంట్లోనే ఉంది. బంతి కింద పడ్డాక జరిగితే ఆలస్యమైనట్టే. అది గాల్లో ఉండగానే జరగాలి. కార్వాల్యో మరీ ఆజానుబాహుడు కాదు, పరుగులో చిరుతా కాదు. అందుకే ముందే బయల్దేరేవాడు. శనగ గింజని చేత్తో ఎత్తి మెల్లగా దించుతూ, అది బల్లని తాకేలోపే బిళ్ళని జరపడం ఓ పదిసార్లు చేయండి. చేతికి అలవాటైతే కంటికీ అలవాటవుతుంది.

2004-05 సీజన్‌లో చెల్సీ 38 ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్‌ల్లో ఎదుటి జట్లకి 15 గోల్సే ఇచ్చింది. గోల్‌లో పీటర్ చెక్, ముందు ఈ జంట. ఆ ఏడాదీ, తర్వాతి ఏడాదీ, మళ్ళీ 2010లోనూ లీగ్ వాళ్ళదే. ఆ తర్వాత రియల్ మాడ్రిడ్, మొనాకో, చివరగా షాంఘై.

ఇక పొరపాటు జరిగిన ఆట కూడా చూడాలి. 2006 ప్రపంచ కప్ సెమీఫైనల్, మ్యూనిక్‌లో ఫ్రాన్స్‌తో. పెనాల్టీ బాక్స్‌లో (గోల్ ముందు గీసిన పెద్ద గడిలో) బంతి ఫ్రాన్స్ స్ట్రైకర్ తియెరీ ఆన్రీ కాలి దగ్గర ఉంది. ఆన్రీ చటుక్కున పక్కకి తిరిగాడు. కార్వాల్యో బంతి కోసం కాలు చాచాడు, ఆ కాలే ఆన్రీకి తగిలింది. పెనాల్టీ. ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ దాన్ని గోల్ కొట్టాడు, పోర్చుగల్ 1-0తో ఓడిపోయింది. బాక్స్‌లో ఎదుటివాడు గిర్రున తిరుగుతున్నప్పుడు కాలు చాచకూడదు, నిలబడి దారి మూయాలి. ఎంతో ఓపికగా ఆడే మనిషి ఆ ఒక్క క్షణం ఆగలేకపోయాడు. ఆ క్లిప్ చూసిన ప్రతిసారీ నాకు కడుపులో తిప్పినట్టుంటుంది.

ఇంకో విషయం దాచను. 2011లో సైప్రస్‌తో మ్యాచ్‌కి ముందు తుది జట్టులో చోటు లేదని జాతీయ జట్టు క్యాంపు వదిలి వెళ్ళిపోయాడు. ఏడాది నిషేధం పడింది. అది తప్పే, నేను వెనకేసుకురాను. కానీ 2014లో కోచ్ ఫెర్నాండో సాంతోస్ మళ్ళీ పిలిచినప్పుడు వచ్చాడు. 38 ఏళ్ళ వయసులో 2016 యూరోలో (యూరప్ దేశాల కప్పు) గ్రూప్ మ్యాచ్‌లు మూడూ ఆడాడు. నాకౌట్ నుంచి జోసె ఫోంటె ఆ చోట్లోకి వచ్చాడు. పారిస్‌లో ఫ్రాన్స్‌ని ఓడించి పోర్చుగల్ కప్పు గెలిచింది. 2004లో సొంతగడ్డ లిస్బన్‌లో గ్రీస్ చేతిలో యూరో ఫైనల్ ఓడిన జట్టులోనూ అతను ఆడాడు. మధ్యలో పన్నెండేళ్ళు.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది. చెల్సీ పాత మ్యాచ్ ఏదైనా పెట్టి, పది నిమిషాలు బంతిని వదిలేసి కార్వాల్యో ఆరో నంబర్ చొక్కానే చూడండి. టెర్రీ ముందుకు కదిలిన ప్రతిసారీ వీడియో ఆపండి. కార్వాల్యో ఎక్కడున్నాడో చూసి, బల్ల మీద బిళ్ళ అక్కడ పెట్టండి. మొదటి రెండు మూడు సార్లు కన్ను మళ్ళీ బంతి వైపే పోతుంది. పోనివ్వండి, వెనక్కి తిప్పి మళ్ళీ చూడండి.