గడ్డి కోస్తేనే బతికే పువ్వు

అందరికీ నమస్కారం.

ఈ పువ్వు సంగతి మొగ్గ దగ్గరే మొదలుపెట్టాలి. విచ్చుకోకముందు దాని ఐదు రేకల అంచులూ అతుక్కుని, మొగ్గంతా గాలి నింపిన బుడగలా ఉబ్బి ఉంటుంది. అందుకే తోటలు పెంచేవాళ్లు దీన్ని బెలూన్ ఫ్లవర్ అంటారు. జపాన్‌లో కిక్యో, కొరియాలో దోరాజీ. గంటపూల కుటుంబంలో ప్లాటికోడాన్ అనే ప్రజాతి ఉంది. ఆ ప్రజాతి మొత్తానికీ ఈ మొక్క ఒక్కటే జాతి.

మొగ్గ విచ్చి నీలి ఊదా నక్షత్రంలా మారాక చాలామంది ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నిజానికి అసలు విశేషం అప్పుడే మొదలవుతుంది. ముందు కేసరాలు, అంటే పువ్వులోని మగ భాగాలు, తమ పుప్పొడిని మధ్యనున్న కీలానికి, అంటే ఆడ భాగపు కాడకు, అంటించి వాడిపోతాయి. ఆ తర్వాతే ఆ కాడ కొన, కీలాగ్రం, ఐదు పాయలుగా విడుతుంది. అంటే ప్రతి పువ్వూ మొదట మగపువ్వు, తర్వాత ఆడపువ్వు. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు చేరాలంటే తేనెటీగలాంటి కీటకం రావాల్సిందే.

జపాన్‌లో శరదృతువుకు గుర్తుగా చెప్పే ఏడు పూలలో కిక్యో ఒకటి. 1582లో తన ప్రభువు ఓడా నొబునాగాపై తిరగబడిన జపాన్ సేనాని అకెచి మిత్సుహిదె వంశ చిహ్నం కూడా ఇదే. కొరియాలో దీని వేరును ఉప్పు వేసి పిసికి, చేదు పోగొట్టి కూర చేస్తారు.

ఇంత ఇష్టంగా చూసుకునే పువ్వు జపాన్ అడవి మొక్కల రెడ్ లిస్టులో, ముప్పు ఉన్నవాటిలో చేరింది. తోటల్లో దీనికి లోటు లేదు, తగ్గిపోతున్నది బయట గడ్డినేలల్లో. పూల కోసం తవ్వుకుపోవడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం నాకు బాధ కలిగిస్తుంది: అక్కడ గడ్డి కోసేవాళ్లు తగ్గిపోయారు. ఒకప్పుడు పశువుల మేతకూ ఇంటి కప్పులకూ ఏటా గడ్డి కోసేవారు, పచ్చికను తగలబెట్టేవారు. ఆ పని ఆగిన చోట పొదలు, ఆపైన చెట్లు లేచాయి. ఎండ కావలసిన కిక్యో వాటి నీడలో నిలవలేకపోయింది. మనిషి చెయ్యి తగలకపోతే ప్రకృతి బాగుంటుందని మనం తేలిగ్గా అనేస్తాం. ఈ మొక్క విషయంలో ఆ మాట తప్పు.

దీని వేరు లావుగా, లోతుగా దిగుతుంది. వసంతంలో మొలక ఆలస్యంగా వస్తుంది. తోటల్లో చాలామంది చచ్చిపోయిందనుకుని తవ్వేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. జపాన్‌లోని క్యూషూ దీవిలో అసో గడ్డిమైదానాల్లో ఇప్పటికీ వసంతారంభంలో నిప్పు పెడతారు. అప్పుడు పైన ఎండుగడ్డి కాలిపోతుంది. వేరు మాత్రం మట్టిలో భద్రంగా ఉంటుంది. బూడిద చల్లారాక, ఎండ నేలకు తగిలాక, మొలక తీరిగ్గా పైకి వస్తుంది.