"ఆకలి లేదు మేడమ్"

నమస్కారం అండి. హైస్కూలు పిల్లలు తిండి మానేయడం గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. పొద్దున టిఫిన్ తినరు, మధ్యాహ్నం బాక్స్ మూత తీయరు, సాయంత్రం ఇంటికొచ్చి ఏది దొరికితే అది తినేస్తారు. చాలా ఇళ్ళలో దీని మీద రోజూ గొడవే.

నేను చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి ఉండేది. లంచ్ బెల్ కొట్టగానే బాక్స్ తీసి బల్ల మీద పెట్టుకునేది, మూత మీద రెండు చేతులూ ఆనించి అలాగే కూర్చునేది. "తినమ్మా" అంటే "ఆకలి లేదు మేడమ్" అనేది. పక్కన నీళ్ళ సీసా పొద్దున ఎలా తెచ్చిందో అలా నిండుగానే ఉండేది. మొండితనం అనుకుని రెండుసార్లు కోప్పడ్డాను. ఇప్పటికీ అది తలుచుకుంటే బాధేస్తుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మన బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే. కానీ ఊరికే కూర్చున్నా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. రాత్రి మనం నిద్రపోయినా అది ఆగదు. దానికి కావాల్సిన గ్లూకోజును కాలేయం తన నిల్వలోంచి సర్దుతూ ఉంటుంది. తెల్లారేసరికి ఆ నిల్వ బాగా తగ్గిపోతుంది. అప్పుడు కూడా ఏమీ తినకుండా బయల్దేరితే, ఒళ్ళు అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లతో నెట్టుకొస్తుంది. మూడో పీరియడ్‌లో కొందరికి చేతులు సన్నగా వణకడం, తలనొప్పి, ఊరికే చిరాకు రావడం అందుకే. బోర్డు మీద లెక్క కనిపిస్తూనే ఉంటుంది, బుర్రకెక్కదు.

"మరి పొద్దున పెడితే వద్దంటుందండీ" అంటారు తల్లులు. వద్దనడం అబద్ధం కాదు. ఈ వయసులో నిద్ర గడియారమే వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ చిన్నపిల్లల్లో కంటే ఆలస్యంగా విడుదలవుతుంది. చేతిలో ఫోన్ ఉంటే ఇంకా ఆలస్యం. అర్ధరాత్రి దాకా మేలుకుని, ఏదో ఒకటి నమిలి, ఆరింటికి లేచిన పిల్లకి ఏడింటికి ఆకలి ఎలా వేస్తుంది? అక్కడ నిలబడి ప్లేటు నిండా పెట్టి కుక్కితే తిండి అంటేనే విసుగొస్తుంది. ఒక గుడ్డో, పండో, గ్లాసు పాలో చాలు. అదీ వద్దంటే చేతికిచ్చి పంపండి, ఇంటర్వెల్‌లో తింటుంది. అసలు మందు మాత్రం ముందురోజు రాత్రి త్వరగా పడుకోవడమే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు పుట్టించే సంగతి. పగలంతా మానేసిన పిల్లలు సాయంత్రం చిప్స్, కూల్‌డ్రింకులతో పొట్ట నింపేస్తారు. కేలరీల లెక్క సరిపోవచ్చు. ఐరన్, కాల్షియం, ప్రోటీన్ మాత్రం రావు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళు వచ్చేసరికే ఎముకల బలం దాదాపు 90 శాతం సమకూరిపోతుంది. 10 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి రోజుకి 1,300 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భోజనాలే మానేస్తే అంత ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆడపిల్లలకి ఐరన్ సమస్య ఇంకా ఎక్కువ. ఒకపక్క ఎదుగుదల, ఇంకోపక్క నెలనెలా రక్తం పోవడం. ఐరన్ తగ్గితే మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే నీరసం, ముఖం పాలిపోవడం. కొందరు పిల్లలు ఐస్ ముక్కలు కరకరా నములుతూ ఉంటారు, అది కూడా ఐరన్ లోపానికి గుర్తు కావచ్చు. ఇంట్లోవాళ్ళు దీన్ని బద్ధకం అంటారు. దయచేసి ఆ మాట అనే ముందు ఒక్కసారి రక్త పరీక్ష చేయించండి. ఆకుకూరలు, పప్పులు తినేటప్పుడు పక్కన నిమ్మరసమో, విటమిన్ సి ఉన్న పండో ఉంటే వాటిలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే తగ్గిపోతుంది.

ఒళ్ళు తగ్గాలని మానేసేవాళ్ళూ ఉంటారు. "లావయ్యావే" అని చుట్టాలు నవ్వుతూ అన్న ఒక్క మాట చాలు. తిన్నానని అబద్ధం చెప్పడం, అందరితో కలిసి తినకుండా తప్పించుకోవడం, బరువు బాగా తగ్గడం, నెలసరి ఆగిపోవడం కనిపిస్తే బతిమాలుతూ కూర్చోకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంకొందరికి ఇంట్లో తిండే ఉండదు. వాళ్ళు కూడా "ఆకలి లేదు" అనే అంటారు. నలుగురిలో గుచ్చి గుచ్చి అడిగితే ఆ పిల్లలు ఇంకా ముడుచుకుపోతారు.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి సంగతి ఇవేవీ కాదు. ఒకరోజు అందరూ వెళ్ళాక పక్కన కూర్చుని, తిండి మాట ఎత్తకుండా, "స్కూల్లో నీకు ఏది ఇబ్బందిగా ఉంటుంది?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆడపిల్లల బాత్రూం తలుపుకి గడియ లేదు, లోపల నీళ్ళు రావు. తిన్నా, తాగినా అక్కడికి వెళ్ళాల్సి వస్తుందని పొద్దుటి నుంచి ఇంటికెళ్ళేదాకా ఏమీ ముట్టేది కాదు. తనొక్కతే కాదు, ఆ క్లాసులో ఇంకో నలుగురు కూడా అంతే.

గడియ బిగించడానికి పట్టింది ఒక్క పూట. నీళ్ళ పైపు బాగుచేయించడానికి పది రోజులు తిరిగాను. ఆ తర్వాత సోమవారం లంచ్‌లో తన బల్ల దగ్గరికి వెళ్ళి చూశాను. బాక్స్‌లో సగం మిగిలే ఉంది. నీళ్ళ సీసా మాత్రం ఖాళీ.