అద్దాల నంబరు ఆగకుండా మారుతుంటే

తల్లిదండ్రులకు, లెక్చరర్లకు నమస్కారం.

పిల్లాడికి ఏటా అద్దాల నంబరు మారుతోందంటే నెపం ఫోను మీదికి నెట్టేసి ఊరుకుంటాం. కానీ మారేది సిలిండర్ నంబరైతే (అద్దాల చీటీలో CYL అని రాసేది), కొత్త అద్దాలు పెట్టినా బోర్డు మీది అక్షరాలకు తోకలూ నీడలూ కనిపిస్తున్నాయని వాడు అంటుంటే, కార్నియా వంపులను కొలిచే పరీక్ష, కార్నియా టోపోగ్రఫీ, అడిగి మరీ చేయించండి. కెరటోకోనస్ అనే కార్నియా జబ్బు ఎక్కువగా ఈ ఇంటర్ వయసు చుట్టుపక్కలే బయటపడుతుంది. నల్లగుడ్డు మీద తేటగా ఉండే పొర కార్నియా. దాని మందం మధ్యలో అర మిల్లీమీటరు పైచిలుకు. ఈ జబ్బులో అది పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది.

ఒకప్పుడు గట్టి కాంటాక్ట్ లెన్సు పెట్టేవాళ్లు, అదీ కుదరకపోతే కార్నియా మార్పిడి. జబ్బును ఆపే ఉపాయం మాత్రం ఉండేది కాదు. ఆ దారి, అంటే కార్నియా క్రాస్ లింకింగ్, జర్మనీలోని డ్రెస్డెన్‌లో దొరికింది. అక్కడి పరిశోధకులు వోలెన్‌సాక్, స్పోయర్ల్, జైలర్ 2003లో ప్రచురించిన తొలి ఫలితాలు 22 మందికి చెందిన 23 కళ్లవి. అన్నిటిలోనూ జబ్బు ముదరడం ఆగింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి మాత్రం 2016లో గానీ రాలేదు.

ఈ క్రాస్ లింకింగ్ ఎలా చేస్తారంటే, ముందు మత్తుచుక్కలు వేసి కార్నియా పైపొరను మధ్యలో 8, 9 మిల్లీమీటర్ల మేర మెల్లగా తీసేస్తారు. తర్వాత అరగంటపాటు పసుపుపచ్చటి చుక్కలు వేస్తూనే ఉంటారు. అది రైబోఫ్లేవిన్, మనకు తెలిసిన బి2 విటమినే. బి కాంప్లెక్స్ మాత్రలు మింగితే చాలదా అని ఓపీలో అడుగుతుంటారు. చాలదు. మందు కార్నియాలో నిండా ఇంకాలి, ఆపైన 365 నానోమీటర్ల దగ్గరి అల్ట్రావయొలెట్ కాంతి ఇంకో 30 నిమిషాలు పడాలి. ఆ కాంతికి రైబోఫ్లేవిన్ ఆక్సిజన్‌ను చురుకెక్కిస్తుంది, దాంతో కార్నియాలోని కొలాజెన్ అనే ప్రొటీన్ పోగుల మధ్య కొత్త ముడులు పడతాయి. వదులు నేతకు అడ్డకుట్లు వేసినట్టన్నమాట. కాంతిలో చాలా భాగాన్ని ఆ మందే పీల్చుకుని కంటి లోపలికి పోనివ్వదు. అయినా కార్నియా 400 మైక్రాన్లకు (0.4 మిల్లీమీటరుకు) తగ్గితే లోపలివైపు కణాలకు ముప్పు. అంతకన్నా పలచటి కళ్లకూ వేరే పద్ధతులున్నాయి గానీ, అక్కడిదాకా ఎందుకు తెచ్చుకోవాలి? కాంతి తీవ్రత పెంచి 10 నిమిషాల్లో ముగించే పద్ధతి కూడా వచ్చింది.

రెండు మూడు రోజులు మంట, నీళ్లు కారడం తప్పవు. పైపొర మానేదాకా కట్టులా కాపాడే మెత్తటి బ్యాండేజ్ లెన్సు పెట్టి పంపుతారు. నొప్పి, ఎరుపు తగ్గకపోగా పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగకండి.

మొదటి నెలలో చూపు ఇంకాస్త మసకబారితే చాలామంది కంగారుపడతారు. అది మెల్లగా సర్దుకుంటుంది. అయితే ఇది అద్దాలు తీసేసే ఆపరేషన్ కాదు, లేసిక్‌తో కలిపేసుకోకండి. జబ్బును ఉన్నచోట నిలబెట్టడం వరకే దీని పని. పోయిన చూపు కోసం అద్దాలో, లెన్సులో వాడాల్సిందే. అందుకే తొందరగా రమ్మనేది.

ఇంకొకటి. కంటి దురదకు వైద్యం చేయించండి. పిడికిలి బిగించి కణుపులతో కళ్లు నలుపుకునే అలవాటు మానకపోతే, చికిత్స తర్వాత కూడా జబ్బు కదలొచ్చు. ఇంట్లో అన్నకు ఇది తేలితే చెల్లెలికీ ఒకసారి టోపోగ్రఫీ చేయించండి, ఆ అమ్మాయికి చూపు బాగానే ఉన్నా సరే. ఇక మీ ప్రశ్నలు అడగండి.