రోమన్ సైన్యంలో అసలు బరువు మోసింది ఎవరు?

నమస్తే అందరికీ. ఈరోజు రోమన్ సైన్యం గురించి మాట్లాడుకుందాం. యుద్ధాల జోలికి తర్వాత వెళ్దాం, ముందు ఒక జీతం చీటీ చూద్దాం.

గయస్ మెస్సియస్ అని ఒక సైనికుడు. క్రీ.శ. 70ల్లో మసాడా దగ్గర, అంటే ఇప్పటి ఇజ్రాయెల్‌లో మృత సముద్రం పక్కనున్న కొండకోట దగ్గర డ్యూటీ చేశాడు. అతని జీతం లెక్క రాసిన పాపిరస్ ముక్క అక్కడ తవ్వకాల్లో దొరికింది. జీతం 50 డెనారియస్‌లు, అంటే రోమన్ వెండి నాణేలు. అందులో బార్లీ కింద 16, తిండికి 20, బూట్లకి 5, తోలు పట్టీలకి 2, నార చొక్కాకి 7. కూడి చూడండి, సరిగ్గా 50. ఆ విడత కోతలు పోను చేతికి మిగిలింది ఏమీ లేదు. పాపం అనిపిస్తుంది కదా? నాకూ అనిపిస్తుంది. కానీ ఎక్కడో సామ్రాజ్యం అంచున, ఎడారిలో ఉన్న ఒక మామూలు సైనికుడి తోలు పట్టీల ఖర్చు కూడా పద్దు రాసి పెట్టుకున్న సైన్యం అది. రోమ్ అన్ని వందల ఏళ్లు ఎలా నిలబడిందని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ చీటీనే చూపిస్తాను.

సరే, ఆ సైన్యం లోపల ఎలా ఉండేదో చూద్దాం. నేను చెప్పేది ముఖ్యంగా చక్రవర్తుల కాలం మొదటి రెండు శతాబ్దాల సంగతి. అంతకుముందు రిపబ్లిక్ రోజుల్లో ఆస్తి ఉన్న రైతులే సైన్యంలోకి వచ్చేవాళ్లు, ఆయుధాలు కూడా సొంత ఖర్చుతోనే. క్రీ.పూ. 107లో మారియస్ అనే సేనాని భూమి లేని పేదవాళ్లను కూడా చేర్చుకున్నాడు, అక్కడి నుంచి మెల్లగా సైన్యం అంటే జీతం మీద బతికే ఉద్యోగం అయిపోయింది. మొదటి చక్రవర్తి ఆగస్టస్ దాన్ని పూర్తిగా శాశ్వత సైన్యం చేశాడు.

అన్నిటికంటే కింద ఉండేది ఎనిమిది మంది జట్టు. ఒకటే గుడారం, ఒక కంచర గాడిద, పిండి విసురుకోవడానికి ఒక తిరగలి. సైన్యం గోధుమలు ఇస్తుంది, విసురుకోవడం, రొట్టె కాల్చుకోవడం వాళ్ల పనే, మన బ్యాచిలర్ రూముల్లో వంతులు వేసుకుని వండుకున్నట్టు. ఇరవై ఏళ్లు పైబడిన సర్వీసులో పక్కనే పడుకునేది, పక్కనే తినేది, పక్కనే నిలబడి పోరాడేది ఆ ఏడుగురే. శత్రువు మీదికి వస్తుంటే పారిపోకుండా నిలబడడానికి సామ్రాజ్యం మీద భక్తి ఎంత పనిచేసిందో గానీ, ఆ ఏడుగురి ముందు పరువు పోతుందన్న భయం మాత్రం గట్టిగా పనిచేసి ఉంటుందని నా నమ్మకం.

అలాంటి పది జట్లు కలిస్తే 80 మంది, అదొక సెంచరీ. ఆరు సెంచరీలు ఒక కోహోర్ట్, పది కోహోర్ట్‌లు ఒక లెజియన్. మొదటి కోహోర్ట్ మాత్రం తర్వాత్తర్వాత కొన్ని లెజియన్లలో మిగతావాటికంటే బాగా పెద్దదిగా ఉండేది. వీళ్లకు తోడు ఓ 120 మంది గుర్రపు రౌతులు. అన్నీ కలిపి ఒక లెజియన్ అంటే సుమారు ఐదు వేల పైచిలుకు మంది. క్రీ.శ. 14లో ఆగస్టస్ చనిపోయేనాటికి ఇలాంటివి 25 ఉన్నాయి.

ఇక ఆఫీసర్ల దగ్గరకు వద్దాం, నాకు అసలు ఇష్టమైన భాగం ఇదే. లెజియన్‌కి పైన ఉండే కమాండర్ పేరు లెగేట్. ఆయన సెనేటర్, అంటే రోమ్ పెద్దల సభ సభ్యుడు, రాజకీయాల్లో పైకి ఎక్కే దారిలో ఇది ఒక మెట్టు, కొన్నేళ్లు చేసి వెళ్లిపోతాడు. ఆయన తర్వాతి హోదాలో ఉండేది కూడా ఒక సెనేటర్ల కుటుంబం కుర్రాడే, చాలాసార్లు ఇరవై ఏళ్లు కూడా సరిగ్గా నిండనివాడు. ఇంకో ఐదుగురు ట్రిబ్యూన్లు ఉంటారు, వాళ్లూ వచ్చిపోయేవాళ్లే. మరి బండి నడిపింది ఎవరు? సెంచూరియన్లు. ప్రతి సెంచరీకి ఒకడు, లెజియన్‌కి దాదాపు 60 మంది. చాలామంది మామూలు సైనికులుగా చేరి ఏళ్ల తరబడి ఎండకీ వానకీ తట్టుకుని పైకి వచ్చినవాళ్లు. వాళ్లందరిలో పెద్దవాడు ప్రైమస్ పైలస్, లెజియన్ మొత్తంలో అనుభవం అంటే అతనిదే.

సెంచూరియన్ కింద ఒప్టియో అని ఒక సహాయకుడు ఉంటాడు. అతను వరసల వెనక నిలబడతాడు, ఎవడైనా వెనక్కి జారుకుంటే మళ్లీ ముందుకు నెట్టడం అతని పని. సిగ్నిఫర్ జెండా కర్ర మోస్తాడు, సైనికులు దాచుకున్న డబ్బు లెక్కలు కూడా అతనివే. టెసరారియస్ రాత్రి కాపలా చూస్తాడు, ఆ రోజు సంకేతపదం చెక్క పలక మీద అందరికీ చేరవేస్తాడు.

సెంచూరియన్ ఎక్కడ నిలబడేవాడో తెలియాలంటే ఒక లెక్క చాలు. క్రీ.పూ. 52లో గాల్ దేశంలో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు, గెర్గోవియా దగ్గర సీజర్‌కి దెబ్బ తగిలింది. ఆ ఒక్కరోజులో దాదాపు 700 మంది పోయారని, అందులో సెంచూరియన్లు 46 మంది అని ఆయనే రాసుకున్నాడు. మామూలుగా ఎనభై మందికి ఒక సెంచూరియన్ ఉండే సైన్యంలో, చచ్చిపోయినవాళ్లను చూస్తే పదిహేను మందికి ఒకడు. వీళ్లు వెనక నుంచి అరిచే రకం కాదని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అలాగని వీళ్లను దేవుళ్లను చేసేయొద్దు. సెంచూరియన్ చేతిలో ద్రాక్ష తీగతో చేసిన కర్ర ఉండేది, అది అలంకారానికి మాత్రమే కాదు. క్రీ.శ. 14లో ఆగస్టస్ చనిపోగానే డాన్యూబ్ వైపు పనోనియాలో లెజియన్లు తిరగబడ్డాయి. లూసిలియస్ అనే సెంచూరియన్ గురించి టాసిటస్ అనే చరిత్రకారుడు రాశాడు. సైనికుల వీపు మీద కర్ర విరిగిపోయేదాకా కొట్టి, ఇంకోటి ఇవ్వండి అని అడిగేవాడట, అందుకని వాళ్లు అతనికి 'ఇంకోటి ఇవ్వు' అనే పేరే పెట్టేశారు. తిరుగుబాటులో ముందు వాళ్లు చంపినవాళ్లలో అతను ఉన్నాడు. బరువు పనులు తప్పించుకోవాలంటే సెంచూరియన్లకు లంచం ఇవ్వాల్సి వచ్చేదన్నది ఇంకో గొడవ.

అదే సమయంలో రైన్ నది దగ్గరి లెజియన్లు కూడా లేచాయి. అక్కడికి సేనాని జర్మానికస్ వెళ్తే, ముసలి సైనికులు ముద్దు పెట్టుకుంటున్నట్టు ఆయన చేయి పట్టుకుని, వేళ్లు తమ నోట్లోకి తీసుకెళ్లి, పళ్లు లేని చిగుళ్లు తడిమి చూడమన్నారు. మమ్మల్ని ఇంకా ఎన్నాళ్లు వాడుకుంటారు అని నోటితో చెప్పక్కర్లేకుండా చెప్పారు. నిజానికి ఆగస్టస్ క్రీ.శ. 6లోనే సైనికుల రిటైర్మెంట్ కోసం వేరే ఖజానా పెట్టాడు, వారసత్వ ఆస్తి మీద 5 శాతం, వేలం అమ్మకాల మీద 1 శాతం పన్నులు దానికే. లెజియన్ సైనికుడికి చివర్లో 3,000 డెనారియస్‌లు రావాలి. కానీ డబ్బు ఇవ్వాల్సి వస్తుందని మనిషిని వదలకపోతే ఆ రూల్ ఉండి ఏం లాభం? నా దృష్టిలో వాళ్ల కోపం పూర్తిగా న్యాయమైనది.

ఇంకో సంగతి. పుస్తకంలో కోహోర్ట్‌కి 480, లెజియన్‌కి 5,000 అని అంకెలు చక్కగా కనిపిస్తాయి, క్యాంపులో మాత్రం అలా ఉండేది కాదు. బ్రిటన్ ఉత్తరాన విండోలాండా కోట దగ్గర పల్చటి చెక్క రేకుల మీద సిరాతో రాసిన కాగితాల్లాంటివి వందల కొద్దీ దొరికాయి. అందులో ఒకటి క్రీ.శ. 90ల నాటిది, మే 18న తీసిన హాజరు లెక్క. మొదటి టుంగ్రియన్ కోహోర్ట్, అంటే ఇప్పటి బెల్జియం వైపు మనుషుల దళం. మొత్తం బలం 752. అందులో 456 మంది అసలు అక్కడ లేరు. బ్రిటన్‌లోనే ఉన్న కొరియా అనే ఒక్క కోటలోనే 337 మంది ఉన్నారు, గవర్నర్ దగ్గర కాపలాకి 46 మంది, ఒక సెంచూరియన్ లండన్‌లో. కోటలో మిగిలింది 296. వాళ్లలో జబ్బు పడ్డవాళ్లు 15, గాయాలతో 6, కళ్ల కలకతో 10. పనికి వచ్చేవాళ్లు 265. ఆరుగురు సెంచూరియన్లలో అక్కడున్నది ఒకే ఒక్కడు!

ఆ టుంగ్రియన్లు లెజియన్ వాళ్లు కాదు, ఆగ్జిలరీలు, అంటే సహాయక దళాలవాళ్లు. లెజియన్‌లో చేరాలంటే రోమన్ పౌరుడై ఉండాలి. మిగతా జాతులవాళ్లకు ఈ ఆగ్జిలరీ దళాలు. సిరియా నుంచి విలుకాళ్లు, ఆయుధాలతో నదులు ఈదేసే బటావియన్లు, ఇలా ఎవరికి ఏది బాగా వస్తే అది. 25 ఏళ్లు చేస్తే చివర్లో పౌరసత్వం వచ్చేది. దానికి రుజువుగా రెండు కంచు రేకులు తీగతో కలిపి కట్టి, ఏడుగురు సాక్షుల ముద్రలు వేసి ఇచ్చేవాళ్లు. లోపల ఉన్న మాటలే బయట కూడా చెక్కి ఉండేవి, బయటిది ఎవరైనా మార్చారన్న అనుమానం వస్తే ముద్ర విప్పి లోపలిది చూసుకోవచ్చు. ఇవి ఇప్పటికీ యూరప్ అంతటా దొరుకుతున్నాయి. రోమ్ దగ్గరున్న ఆకర్షణల్లో నా లెక్కలో ఇదే పెద్దది, ఎందుకంటే ఓడిపోయిన జాతి పిల్లాడే రేపు రోమ్ తరఫున సరిహద్దు కాస్తాడు. క్రీ.శ. 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలో బానిసలు కానివాళ్లు దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చేశాక ఈ ఆశ చూపించే అవకాశం చాలావరకు పోయింది. ఆ తర్వాత సైన్యం ఎలా మారిందన్నది వచ్చే వీడియోలో చెప్తాను, ఉంటాను మరి.