చలికాలంలో జిడ్డు ముఖానికి ఏం రాయాలి? నెల రోజులు వాడి చూశాను

నమస్కారమండి! అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. ముందు ఈ సీసా చూడండి. పొద్దున్న ఆరున్నర అయింది, బయట కొబ్బరితోట కూడా కనిపించనంత మంచు. సీసాలో కొబ్బరినూనె తెల్లగా పేరుకుపోయింది. సుమారు 24 డిగ్రీల కిందికి దిగితే చాలు, ఇది గడ్డకట్టేస్తుంది. కోనసీమలో మాకు చలి వచ్చిందని చెప్పేది ఈ సీసానే.

అమ్మ దీన్ని పొయ్యి పక్కన పెట్టి కరిగించి, "మొహానికి రాసుకోవే, పగిలిపోతోంది" అంటుంది. కాళ్లకీ చేతులకీ హాయిగా రాసుకుంటాను. జిడ్డు మొహానికి మాత్రం వద్దండి, రంధ్రాలు మూసుకుపోతాయి. నిరుడు పది రోజులు రాసేసరికి నుదురంతా ఇసక చల్లినట్టు సన్న పొక్కులు వచ్చేశాయి.

ఇప్పుడు నా మొహం దగ్గరగా చూడండి. ముక్కు మీద నూనె మెరుస్తోంది. రెండు వేళ్ల దూరంలో, ఇదిగో బుగ్గ మీద, తెల్లగా పొట్టు లేస్తోంది. కాంబినేషన్ స్కిన్ అంటే ఇదే. చర్మంలో జిడ్డు వేరు, తేమ వేరు. జిడ్డుంది కదా అని మాయిశ్చరైజర్ మానేసి, వేన్నీళ్లతో, గట్టి సబ్బుతో రుద్దితే ఆ కాస్త తేమా పోతుంది. గోరువెచ్చని నీళ్లు చాలు.

ఈ నెలలో రెండు రకాలు వాడాను. బ్రాండు కన్నా డబ్బా వెనక రాసింది చదవండి. మొదటిది చిక్కటి కోల్డ్ క్రీమ్. పొద్దున్న బాగానే ఉంది. పదకొండింటికి మంచు విడిచి ఎండ కాసిందో లేదో, మన ఉక్కకి చెమటతో కలిసి జారిపోయింది. మన డెల్టా గాలికి ఇది పగటిపూట పనికిరాదని నా అభిప్రాయం.

రెండోది జెల్. చర్మంలో తేమని పట్టి ఉంచే గ్లిజరిన్, హైలురానిక్ యాసిడ్ ఉన్నది. మొహం కడిగాక తడి పూర్తిగా ఆరకముందే రాయాలి, సగం పని అక్కడే అయిపోతుంది. ముక్కుకీ నుదుటికీ చక్కగా సరిపోయింది. బుగ్గలకి మాత్రం సాయంత్రానికి చాలలేదు. అందుకని మొహమంతా జెల్ రాసి, పైన బుగ్గలకి మాత్రం సెరమైడ్లు, అంటే తేమ బయటికి పోకుండా ఆపే కొవ్వులు, ఉన్న క్రీమ్ బఠాణీ గింజంత అద్దుతున్నాను. నాలుగో రోజుకి పొట్టు తగ్గింది. నేను డబ్బులు పెట్టమని చెప్పేది ఈ జెల్‌కీ, సెరమైడ్ క్రీమ్‌కీ మాత్రమే.

సన్‌స్క్రీన్ ఎస్పీఎఫ్, అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె, 30 అయినా ఉండాలి, మంచుంది కదా అని మానకండి. రంధ్రాల్లో పేరుకున్న జిడ్డు వదిలించే 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్ మొటిమలకి మంచిదే, కానీ చలికాలంలో నేను వారానికి రెండు మూడు సార్లే వాడుతున్నాను.

అన్నట్టు, భోగి వస్తోంది. నలుగు మానమని చెప్పనండి, అది మన ముచ్చట. పిండి మెత్తగా జల్లించుకోండి, మొహం మీద రుద్దకుండా తడిచేత్తో కడిగేయండి. ముందురోజు రాత్రి మాత్రం సాలిసిలిక్ వాడొద్దు, రెండూ కలిస్తే మంట పుడుతుంది.