ఆపరేషన్ భయానికి మెలటోనిన్ మాత్ర పనిచేస్తాదా?

తమ్ముడు: అందరికీ నమస్తే అండి, శ్రీకాకుళం నించి మాట్లాడతన్నాం. ఈ వారం మా అక్క వచ్చింది, అక్క మత్తు డాక్టరు. అక్కా, నిద్రకి వేసుకునే మెలటోనిన్ మాత్ర ఆపరేషన్ ముందు భయానికి కూడా ఇస్తన్నారంట కదా, అదేటో చెప్పు.

అక్క: చెప్తాను గానీ ముందు ఆ భయం గురించి చెప్పనీరా. మన వైపు మగాళ్ళు భయంగా ఉందని నోటితో అనరు. చేతులు చల్లబడిపోతాయి, బీపీ పెరిగిపోద్ది, ఏటీ లేదమ్మా బాగానే ఉన్నాను అంటారు. బయట ఇంటోళ్ళేమో ధైర్యంగా ఉండు ధైర్యంగా ఉండు అని ఒకటే చెప్తారు. బాగా భయపడ్డ మనిషికి మత్తు మందు ఎక్కువ పట్టొచ్చు, తర్వాత నొప్పి కూడా ఎక్కువ తెలుస్తాది, అందుకే భయం తగ్గించడం కూడా వైద్యమే అని నేను గట్టిగా నమ్ముతాను.

తమ్ముడు: దానికి ముందురోజు రాత్రి భయం తగ్గించే ఆల్ప్రాజోలం మాత్ర ఇస్తారు కదా?

అక్క: ఇస్తాం, లేదంటే థియేటర్లో మిడజోలం సూది. రెండూ బాగా పనిచేస్తాయి. కానీ వయసు మీద పడ్డవాళ్ళకి ఆ మగత ఒక పట్టాన వదలదు, తికమకపడి ఎక్కడున్నానో తెలీక మంచం దిగిపోబోతారు, కొందరికి ఊపిరి కూడా నెమ్మదిస్తాది. మెలటోనిన్‌తో ఆ బాధ చాలా తక్కువ. అది మన ఒంట్లో తయారయ్యేదే, మెదడు మధ్యలో బియ్యపు గింజంత పీనియల్ గ్రంథి ఉంటాది, చీకటి పడ్డాక అది వదుల్తాది. 1958లో అమెరికాలో లెర్నర్ అనే చర్మం డాక్టరు ఆవుల గ్రంథుల్లోంచి దాన్ని వేరుచేశారు.

తమ్ముడు: మరి నిజంగా భయం తగ్గుతాదా, ఊరికే అంటన్నారా?

అక్క: తగ్గుతాది. 2020లో కోక్రేన్ వాళ్ళు, అంటే వైద్య పరిశోధనలన్నీ కలిపి తేల్చే సంస్థ వాళ్ళు, 27 ట్రయల్స్ కలిపి చూశారు, 2,300 మంది పైనే పెద్దవాళ్ళు. భయం ఎంతుందో సున్నా నించి 100 దాకా గీత మీద చూపించమంటే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నోళ్ళ కన్నా మెలటోనిన్ వేసుకున్నోళ్ళకి ఇంచుమించు 12 పాయింట్లు తగ్గింది. ఆల్ప్రాజోలం, మిడజోలం లాంటివాటితో పోలిస్తే పెద్ద తేడా లేదు. అంటే మగత తక్కువుండీ దాదాపు అంతే పనిచేస్తంది, నాకు నచ్చింది అదే. ఆపరేషన్ అయ్యాక భయం మీద మాత్రం దాని ప్రభావం చాలా కొంచెమే.

తమ్ముడు: మనూళ్ళల్లో ఎక్కువ చేయించుకునేది కంటి ఆపరేషనే కదా అక్కా, మెలకువగానే ఉంటారు, ఇంకా భయం.

అక్క: అదే చెప్పబోతన్నాను! శుక్లం ఆపరేషన్ మీద 2009లో ఒక ట్రయల్ వచ్చింది, కంట్లో చుక్కల మత్తుతో చేసేవాళ్ళకి గంటన్నర ముందు 10 మిల్లీగ్రాములు ఇచ్చారు. భయం తగ్గింది, నొప్పి తగ్గింది, కంటి లోపలి ప్రెషర్ కూడా తగ్గింది. 40 మందితో చేసిన చిన్న ట్రయల్ అది, అయినా కదలకుండా పడుకోవాల్సిన ఆపరేషన్‌కి పనికొచ్చే సంగతే.

తమ్ముడు: నొప్పికి కూడా అంటన్నావు మరి.

అక్క: నొప్పి దగ్గర కొంచెం ఆగి మాట్లాడాలి. కొన్ని ట్రయల్స్‌లో నొప్పి తగ్గింది, మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందులు తక్కువ పట్టాయి, ఇంకొన్నిట్లో తేడా ఏం రాలేదు. నొప్పి మాత్రకి బదులు ఇదొక్కటీ చాలని ఎవరైనా అంటే నమ్మొద్దు. కానీ ఉద్దానం గురించి ఆలోచించు, కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బున్నోళ్ళకి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు ఇవ్వడానికి మేం జంకుతాం, కిడ్నీ ఇంకా దెబ్బతింటాదని. అలాంటోళ్ళకి ఆపరేషన్ రాత్రి సరిగ్గా నిద్ర పట్టించి నొప్పి కొంచెమైనా తగ్గించేది ఏదైనా దొరికితే నాకు ఎంతో సంతోషం, ఎందుకంటే నిద్ర లేకపోతే నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తాది, వార్డులో రాత్రంతా లైట్లు వెలుగుతుంటే ఒంట్లో మెలటోనిన్ ఎలాగూ తగ్గిపోద్ది.

తమ్ముడు: పిల్లలకి ఇవ్వొచ్చా?

అక్క: బ్రిటన్‌లో పిల్లల మీద మిడజోలంతో పోల్చి చూస్తే మిడజోలమే మెరుగని తేలింది. పిల్లల సంగతి మత్తు డాక్టర్‌కే వదిలెయ్యండి.

తమ్ముడు: ఆన్‌లైన్‌లో మెలటోనిన్ గమ్మీలు, అదే నమిలే మిఠాయిల్లాంటివి, కూడా అమ్ముతన్నారు.

అక్క: ఆపరేషన్ పెట్టుకుని గమ్మీలు వద్దురా. 2023లో అమెరికాలో 25 రకాలు పరీక్షిస్తే 22 రకాల్లో డబ్బా మీద రాసిందొకటి, లోపలున్నదొకటి, ఒకదాంట్లో అయితే మూడింతలు పైనే, ఇంకోదాంట్లో అసలు మెలటోనినే లేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు, మానసిక జబ్బులకిచ్చే ఫ్లూవోక్సమిన్ వాడేవాళ్ళు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నోళ్ళు సొంతంగా అసలే వేసుకోకూడదు. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ చెకప్ ఉంటాది కదా, అక్కడ వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్ళి చూపించండి, భయంగా ఉందని కూడా చెప్పండి, మెలటోనిన్ ఇస్తారా అని అడగండి. ఇస్తామంటే ఎన్ని గంటలకి వెయ్యాలో రాయించుకోండి, ఒక్క గుక్క నీళ్ళతోనే.