గదిలో ఎవరున్నారు?

శ్రోతలకు నమస్కారం. విపత్తు వేళ నాయకత్వం గురించి, ఆ పని నేర్పేవాడిగా నాలుగు మాటలు చెప్తాను.

2000 ఆగస్టు 24. హైదరాబాద్‌లో అప్పటికి ఊహ తెలిసినవాళ్లకు ఈ తేదీ చెప్తే చాలు, మిగతాది వాళ్లే చెప్తారు. బేగంపేటలో ఆ ఒక్క రోజు లెక్క 24 సెంటీమీటర్లు. నేనప్పుడు ఒక కంట్రోల్ రూమ్‌లో రాత్రి డ్యూటీలో ఉన్నాను. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. బల్ల మీద నాలుగు ఫోన్లు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక లాగ్‌బుక్కు. ఫోన్ పెట్టెయ్యడమే తడవు, మళ్లీ మోగుతోంది. హుస్సేన్‌సాగర్ నాలా పక్కనున్న ఒక బస్తీ నుంచి ఒక తల్లి ఏడుస్తూ మాట్లాడింది. ఇక నా వల్ల కాలేదు. రెయిన్‌కోటు తగిలించుకుని, జీపెక్కి, నేనే వెళ్లిపోయాను. మోకాళ్ల లోతు నీళ్లలో దిగి ఇద్దరు పిల్లల్ని భుజాన వేసుకుని గట్టుకి చేర్చాను. చుట్టూ ఉన్నవాళ్లు దండం పెట్టారు. ఆ గంటసేపు నా అంతటి నాయకుడు ఈ ఊళ్లో లేడనుకున్నాను.

తిరిగొచ్చేసరికి మా పెద్దాయన నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఫైర్ సర్వీసులో జీవితమంతా గడిపి మా దగ్గరికి వచ్చిన మనిషి. తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చి, ఒకటే అడిగారు. "నువ్వు నీళ్లల్ల దిగితే పంపులు ఎవలు పంపాలె బిడ్డా?"

నేను లేనప్పుడు వచ్చిన ఫోన్లు పదకొండు. ఆరు మోటారు పంపులు ఖాళీగా యార్డులోనే ఉన్నాయి. పంపమని చెప్పే అధికారం ఆ రాత్రి నా ఒక్కడికే ఉంది. నేనేమో పిల్లల్ని ఎత్తుకునే పనిలో ఉన్నాను. ఆ పని ఆ బస్తీ కుర్రాళ్లు నాకంటే బాగా చేస్తున్నారు కూడా.

విపత్తు వేళ నాయకత్వం అనగానే మన కళ్లముందు కదిలేది నీళ్లలో దిగిన మనిషి. పేపర్లో ఫోటో పడేది కూడా ఆయనదే. తప్పు పట్టడం లేదు. 2024 సెప్టెంబరులో ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవరు ప్రాణానికి తెగించి తీసుకొచ్చాడు. అలాంటివాళ్లకి చేతులెత్తి మొక్కాల్సిందే. కాకపోతే ఆ ధైర్యాన్ని ఏ శిక్షణా నేర్పలేదు. నేర్పగలిగేది ఇంకొకటుంది, దానికి ఫోటో ఉండదు. ఎవరు ఎక్కడ ఉండాలి, ఎవరు ఎవరికి చెప్పాలి, అదే ఆ విద్య.

ఈ విద్య పుట్టిన కథ మన దేశానిది కాదు. 1970లో దక్షిణ కాలిఫోర్నియా అడవుల్లో మంటలు లేచాయి. 13 రోజుల్లో 16 ప్రాణాలు పోయాయి, 700 కట్టడాలు కాలిపోయాయి. తర్వాత కూర్చుని లెక్క చూసుకుంటే వాళ్లకి బాధ కలిగించింది మంట ఒక్కటే కాదు. ఒక్కో దళానికి ఒక్కో రేడియో, ఒకదాని మాట ఇంకొకదానికి వినపడదు. ఒకే వస్తువుకి నాలుగు పేర్లు. ఒక్క అధికారి ముందు పాతికమంది నిలబడి 'ఏం చెయ్యమంటారు' అని అడగడం. ఆ అనుభవంలోంచి వచ్చిన పద్ధతే ఇన్సిడెంట్ కమాండ్. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దాన్ని మన జిల్లా పరిపాలనకు తగ్గట్టు మలిచి, 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక కమాండరు. ఆయన కింద రంగంలో పనిచేసేవాళ్లు, రేపటి సంగతి ఆలోచించేవాళ్లు, సరుకూ సరంజామా చూసేవాళ్లు. ఒకరి కింద అయిదుగురు ఉంటే మేలు, ఏడుగురు దాటకూడదు. ప్రతి మనిషికీ పైన ఒక్కరే.

అందులో నాకు బాగా నచ్చింది సేఫ్టీ ఆఫీసరు పదవి. పని ప్రమాదకరంగా ఉందనిపిస్తే 'ఆపండి' అనే అధికారం ఆ మనిషికి ఉంటుంది. మన ఆఫీసుల్లో పై అధికారి ఊపులో ఉన్నప్పుడు 'ఆపండి సార్' అనగలిగిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? కాగితం మీద ఆ పదవి నింపడం తేలిక. ఆ మాట నోటివెంట వచ్చేలా మనిషిని తయారు చెయ్యడానికి ఏళ్లు పడుతుంది. ఆ మాట విని కోపం తెచ్చుకోని పై అధికారిని తయారు చెయ్యడానికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

భాష సంగతి చెప్తాను, కాలిఫోర్నియాదాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో గట్టి వాన పడితే ఒకే చౌరస్తాలో జీహెచ్‌ఎంసీ వాళ్లుంటారు, జలమండలి వాళ్లుంటారు, కరెంటు వాళ్లుంటారు, ట్రాఫిక్ పోలీసులుంటారు, 2024 నుంచి హైడ్రా అనే విపత్తు స్పందన సంస్థ వాళ్లు కూడా ఉంటారు. అందరి నోటా నానే మాట 'లైను'. జలమండలి మనిషికి లైనంటే భూమిలో పైపు. కరెంటు మనిషికి లైనంటే పైన తీగ. ఇక 'లైన్ క్లియర్' అన్నారనుకోండి. ట్రాఫిక్ పోలీసుకి అది దారి తెరుచుకుంది, బండ్లు వదలొచ్చు అని. కరెంటు శాఖలో మాత్రం ఆ మాటకి ప్రాణం ఖరీదు. సరఫరా ఆపాం, తీగ ముట్టుకుని పని చేసుకోవచ్చు అని ఇచ్చే అనుమతి అది. అరుపుల మధ్య, వానలో, వైర్‌లెస్‌లో 'లైన్ క్లియర్' అని ఎవరో అంటే ఎవరికేం వినపడుతుందో ఆలోచించండి. అందుకే నా తరగతుల్లో మొదటి రోజు పాఠం నాయకత్వం మీద ఉపన్యాసం కాదు. అన్ని శాఖలవాళ్లనీ కలిపి కూర్చోబెట్టి, ఎవరి మాటలకి ఏం అర్థమో రాయిస్తాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటారు. మధ్యాహ్నానికి నవ్వు తగ్గుతుంది.

ఇంకో జబ్బు మనది. బదిలీ. మూడేళ్లు కష్టపడి ఏ నాలా ఏ గంటకి పొంగుతుందో నేర్చుకున్న ఇంజనీరుకి నాలుగో ఏడు బదిలీ కాగితం వస్తుంది. చార్జి అప్పగించే పత్రంలో బీరువాలు, కుర్చీలు, ఫైళ్లు, తాళంచెవులు అన్నీ లెక్కగా ఉంటాయి. ఏ మోటారు ఎండలో బాగా నడిచి వానలో మొరాయిస్తుందో, ఏ బస్తీలో ఎవరి మాట నలుగురూ వింటారో, అర్ధరాత్రి ఫోన్ ఎత్తే క్రేన్ ఓనరు ఎవరో, వాటికి ఆ పత్రంలో గడి లేదు. అవి ఆయన తలలో ఉండి ఆయనతోనే వెళ్లిపోతాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ ఈ నగరాన్ని ముంచింది. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. మరుసటేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన ఎగువన జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్‌సాగర్ పూర్తయింది 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో. అంటే వరద వచ్చిన పందొమ్మిదేళ్లకి రెండోది పూర్తయింది. ఈ మధ్యలో ఆరో నిజాం పోయి ఏడో నిజాం వచ్చారు, ఎందరు అధికారులు మారారో. అయినా పని ఆగలేదు, ఎందుకంటే ఆయన చెప్పింది కాగితం మీద ఉంది, కొలతలతో సహా. చింతచెట్టు కథ మనం అందరికీ చెప్పుకుంటాం. ఆ పందొమ్మిదేళ్ల కథ ఎవరూ చెప్పరు, అందులో పరుగులు లేవు కదా.

అయితే జలాశయం కట్టాక గేట్లుంటాయి. గేటు ఎత్తేది జలమండలి. ఆ నీళ్లు చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దాకా వచ్చేసరికి అది పోలీసుల సమస్య, రెవెన్యూవాళ్ల సమస్య, మున్సిపాలిటీ సమస్య. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చాయి. అప్పుడది ఆర్టీసీ సమస్య కూడా అయింది. ఇన్ని ఆఫీసుల మధ్య కబురు వేగంగా పోవాలంటే ఆర్డరు కాగితం చాలదు. గేటు దగ్గరి మనిషీ బస్‌స్టేషన్ మేనేజరూ అంతకుముందే ఒకసారైనా కలిసి టీ తాగి ఉండాలి. వాన రాత్రి మొదటిసారి పరిచయం చేసుకుంటే సగం టైము 'మీరెవరండీ' దగ్గరే పోతుంది.

మన ఊళ్లో సముద్రం లేదు. కానీ దేశం మొత్తానికి సునామీ హెచ్చరిక ఇచ్చే కేంద్రం మన ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రంలో ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత పుట్టిన ఆలోచన, 2007 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. పగలూ రాత్రీ షిఫ్టుల్లో మనుషులు తెరల ముందు కూర్చుంటారు. ఏళ్ల తరబడి ఏమీ జరగదు. ఏమీ జరగని చోట మనుషుల్ని మెలకువగా ఉంచడం ఎంత కష్టమో కంట్రోల్ రూమ్‌లో పనిచేసినవాడికి తెలుసు. వాళ్లు హిందూ మహాసముద్ర దేశాలతో కలిసి ఐఓవేవ్ పేరుతో ఉత్తుత్తి సునామీలు ఆడతారు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. హెచ్చరికలు వెళ్లాయి. అయితే ఆసారి సముద్రపు నేల పైకి లేవలేదు, పక్కకి జరిగింది, అందుకని పెద్ద అల పుట్టలేదు. నీటిమట్టాలు చూసుకుని హెచ్చరిక వెనక్కి తీసుకున్నారు. హెచ్చరిక ఇవ్వడానికి ఎంత గుండె కావాలో, 'ఇక ఇళ్లకు వెళ్లండి' అనడానికీ అంతే కావాలి.

ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు కోర్సుల గురించి అడుగుతుంటారు. ఇగ్నోలో డిప్లొమా ఉంది, ముంబైలో టిస్ అనే టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో పీజీ ఉంది, ఫైర్ ఇంజనీరింగ్‌కి నాగపూర్ కాలేజీ ఉంది, జాతీయ విపత్తు నిర్వహణ ఇన్‌స్టిట్యూట్ ఇంట్లో కూర్చుని చదివే కోర్సులు పెట్టింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకి మన జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఉంది. అంతర్జాతీయంగా సర్టిఫైడ్ ఎమర్జెన్సీ మేనేజర్ అనే గుర్తింపు ఒకటుంది. దానికి విపత్తు నిర్వహణలో 100 గంటల శిక్షణ కావాలి, మామూలు మేనేజ్‌మెంట్‌లో ఇంకో 100 గంటలు కావాలి. రెండో వంద చూసి పిల్లలు ముఖం ముడుచుకుంటారు. బడ్జెట్టు వెయ్యడం, మీటింగు నడపడం, ఉత్తరం రాయడం, వీటికోసమా ఈ రంగంలోకి వచ్చింది అని. వీటికోసమేనమ్మా. పంపులు కొనాలంటే బడ్జెట్టు కావాలి.

కోర్సుకంటే నేను ఎక్కువ నమ్మేది, పని అయిపోయాక కూర్చుని మాట్లాడుకోవడం. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది, వచ్చేసారి ఏం మార్చాలి. నాలుగే ప్రశ్నలు. వారం దాటకముందే అడగాలి, దాటితే జ్ఞాపకం కథగా మారిపోతుంది. మన దగ్గర ఇది నడవదు, కారణం ఒకే ముక్క: మెమో, అంటే సంజాయిషీ అడిగే కాగితం. నిజం చెప్తే చేతికి మెమో వచ్చే చోట ఎవడూ నిజం చెప్పడు. ఆ 2000 ఆగస్టు రాత్రి తెల్లవారాక మా పెద్దాయన నా మీద కాగితం రాయలేదు. నా చేతే రాయించారు, తప్పు ఎవరిదని కాదు, గంట గంటకీ ఏం జరిగిందని. రాస్తుంటేనే నాకు తెలిసింది ఆ పదకొండు ఫోన్ల సంగతి ఎంత పెద్దదో.

ఈ మధ్య ఒక టేబుల్ టాప్ నడిపాను. అంటే బల్ల మీద మ్యాపు పరిచి, లేని వరదని ఉన్నట్టు అనుకుని ఆడే ఆట. సాయంత్రం ఏడు, నాలా పక్క కాలనీ, వాన పడుతోంది, కరెంటు పోయింది, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో రేపు పొద్దున డయాలసిస్‌కి వెళ్లాల్సిన మనిషి ఉన్నాడు. అన్ని శాఖలవాళ్లూ ఉన్నారు. పావుగంట బాగా నడిచింది. ప్రశ్న వచ్చిన ప్రతిసారీ అందరి తలలూ పెద్ద అధికారి వైపే తిరుగుతున్నాయి. నాకో అలవాటుంది, సరిగ్గా అప్పుడే ఆ పెద్దమనిషిని బయటికి పంపిస్తాను. "సార్, మీరు టీకి వెళ్లారు, ఫోన్ కలవట్లేదు" అన్నాను. ఆయన నవ్వి వెళ్లారు.

గదిలో చప్పుడు లేదు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. చివరి వరసలో శానిటేషన్ జవాను ఒకాయన ఉన్నాడు, కుర్చీలు నింపడానికి పిలిచినట్టు అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయన లేచి మ్యాపు దగ్గరికొచ్చాడు. "ఈ గల్లీల ముంగట నీళ్లొస్తయ్ సార్, అంబులెన్సు ఇట్ల రాదు, వెనక గుడి దిక్కుకెళ్లి తేవాలె" అని వేలు పెట్టి చూపించాడు. కరెంటు ఏఈని అడిగాడు, ట్రాన్స్‌ఫార్మరు బంద్ చేసినట్టా కాదా అని. 108కి ఎవరు ఫోన్ చేస్తారో చెప్పాడు. పంపు ఎక్కడ పెట్టాలో చెప్పాడు. అయిదుగురికి అయిదు పనులు.

పెద్ద అధికారి టీ తాగి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. జవాను ఆయన్ని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. మళ్లీ మ్యాపు వైపు చూసి అన్నాడు:

"సార్, మీరు జెర ఆ ఫోన్ కాడ కూసోండ్రి."

ఆయన కూర్చున్నారు.

సెలవు. నమస్కారం.